నిజం చెప్పి కొనితెచ్చుకున్న కష్టం

మన ఇళ్లలో 'సబ్ర్' అన్న మాట ఎక్కువగా మూడు సందర్భాల్లో వినబడుతుంది. ఇంట్లో ఎవరైనా కన్నుమూసినప్పుడు, జబ్బు ముదిరినప్పుడు, వ్యాపారం దెబ్బతిన్నప్పుడు. పెద్దవాళ్లు వచ్చి పక్కన కూర్చుంటారు, భుజం తట్టి సహనం వహించమని చెబుతారు. అది మంచి సంప్రదాయమే. అల్లాహ్ తన దాసులను భయంతో, ఆకలితో, ధన ప్రాణ నష్టాలతో, పంటల నష్టంతో పరీక్షిస్తానని, ఆ స్థితిలో సహనం చూపినవారికి శుభవార్త వినిపించమని దివ్యఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా 155వ వాక్యంలో తెలియజేశాడు. "విశ్వసించాము" అని నోటితో అన్నంత మాత్రాన పరీక్షించకుండా వదిలేస్తారని అనుకోవద్దని అల్ అన్‌కబూత్ సూరా ఆరంభంలోనే హెచ్చరించాడు.

అయితే ఈ కష్టాలన్నిటిలో ఒక సమాన లక్షణం ఉంది. వాటి నుండి తప్పించుకునే దారి మన చేతిలో ఉండదు. చావును ఆపలేం, వచ్చిన జబ్బును రాలేదని అనలేం. కాబట్టి సహించడం తప్ప గత్యంతరం లేదు.

మరో రకం కష్టం ఉంది. దాని నుండి బయటపడే తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఒక్క అబద్ధం ఆడితే చాలు, ఒక చిన్న సాకు చెబితే చాలు, హాయిగా బయటికి రావచ్చు. ఎవరూ పట్టుకోలేరు, ఎవరూ అడగరు. ఆ తలుపు కనిపిస్తున్నా దాన్ని దాటకుండా కష్టం వైపే నిలబడటం అన్నిటికంటే గట్టి పరీక్ష. నిజానికి మనకు రోజూ ఎదురయ్యే పరీక్ష కూడా ఇదే. ఇలాంటి కష్టాన్ని స్వయంగా ఎంచుకుని, యాభై రోజులు అనుభవించి, దాని నుండి కొత్త మనిషిగా బయటికొచ్చిన ఒక ప్రవక్త సహచరుని గాథను ఈసారి పాఠంగా తీసుకుందాం. ఆయన హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి). బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ వృత్తాంతం ఆయన నోటి మాటగానే ఉంది. వృద్ధాప్యంలో ఆయన చూపు కోల్పోయిన తర్వాత చేయి పట్టుకుని నడిపించిన కుమారుడు అబ్దుల్లాహ్ దాన్ని తర్వాతి తరానికి అందించారు.

రేపు, రేపు అంటూ...

హిజ్రీ 9వ సంవత్సరం, అంటే క్రీ.శ. 630. రోమన్ సామ్రాజ్య సేనలు అరబ్బు సరిహద్దుల్లో సమీకృతమవుతున్నాయన్న వార్త మదీనాకు చేరింది. ఉత్తరాన ఎంతో దూరంలో ఉన్న తబూక్‌కు ప్రయాణం కావాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదేశించారు. మామూలుగా ఆయన యుద్ధయాత్రల గమ్యాన్ని ముందుగా బయటపెట్టేవారు కాదు. ఈసారి మాత్రం స్పష్టంగా చెప్పేశారు. ఎందుకంటే ఎండలు మండిపోతున్నాయి, దారి పొడుగునా ఎడారి, ఎదుట ఉన్నది పెద్ద శత్రువు. ప్రజలు తగిన విధంగా సిద్ధం కావాలి. మరోపక్క మదీనా తోటల్లో పండ్లు పక్వానికి వచ్చాయి, చెట్ల నీడలు మనుషుల్ని పిలుస్తున్నాయి.

కఅబ్ (రజి) సామాన్యమైన వ్యక్తి కాదు. మదీనాకు వలసకు ముందే అఖబా లోయలో దైవప్రవక్త (స) చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేసిన అన్సార్లలో ఒకరు. ఇస్లాం తరఫున కవిత్వం చెప్పిన ప్రసిద్ధ కవి. తబూక్ నాటికి ఆయన ఆరోగ్యంలోగానీ, ఆస్తిలోగానీ ఎన్నడూ లేనంత మంచి స్థితిలో ఉన్నారు. అంతకు ముందు ఎప్పుడూ రెండు ఒంటెలు ఉన్నది లేదు. అప్పుడు ఉన్నాయి. అంటే వెళ్లకపోవడానికి ఏ కారణమూ లేదు.

మరి ఏమైంది? ఆయనే చెప్పుకున్నారు. ప్రయాణానికి సరంజామా సమకూర్చుకుందామని ఉదయం బయలుదేరేవారు, ఏ పనీ కాకుండానే ఇంటికి తిరిగొచ్చేవారు. నాకేం, తలచుకుంటే ఎంతసేపు అనుకునేవారు. అలా ఒకరోజు గడిచింది, మరోరోజు గడిచింది. సైన్యం కదిలిపోయింది. ఒకటి రెండు రోజుల్లో వెళ్లి కలుసుకుంటానులే అనుకున్నారు. సైన్యం అందనంత దూరం వెళ్లిపోయింది.

ఇక్కడ మనం ఒక క్షణం ఆగి ఆలోచించాలి. ఆయన తిరుగుబాటు చేయలేదు, ఆదేశాన్ని కాదనలేదు. కేవలం వాయిదా వేశారు. ఫజ్ర్ నమాజుకు రేపటి నుండి లేస్తాననేవాడు, వచ్చే సంవత్సరం జకాత్ లెక్క సరిగా కడతాననేవాడు, ఈ ఒక్క అప్పు తీరాక వడ్డీ మానేస్తాననేవాడు నడిచే దారి కూడా ఇదే. సౌఖ్యం మనిషిని ఒక్కసారిగా పడదోయదు. కొంచెం సేపు కూర్చోమంటుంది.

తర్వాత మదీనా వీధుల్లోకి వెళ్లిన ప్రతిసారీ కఅబ్ (రజి) మనసు కుంగిపోయేది. కనిపించేవాళ్లలో ఒకరు కపటత్వానికి పేరుమోసినవారు, లేదా అల్లాహ్ మినహాయింపు ఇచ్చిన అశక్తులు. నేను వీరిలో ఎవరిని అన్న ప్రశ్న ఆయన్ను పొడిచేది.

తెరిచి ఉన్న తలుపు

తబూక్‌లో దైవప్రవక్త (స) ఆయన్ను గుర్తు చేసుకున్నారు. కఅబ్ ఏమయ్యాడని అడిగారు. ఒకతను ఆయన ధరించే మంచి దుస్తులూ, తన అందం మీది మురిపెమూ ఆయన్ను ఆపేశాయని ఎత్తిపొడిచాడు. హజ్రత్ ముఆజ్ బిన్ జబల్ (రజి) వెంటనే అడ్డుకుని అది చెడ్డమాట అనీ, కఅబ్ గురించి మాకు మంచే తెలుసనీ అన్నారు. దైవప్రవక్త (స) మౌనంగా ఉండిపోయారు. వెనక లేని మనిషి గౌరవాన్ని కాపాడటం ఎలాగో ముఆజ్ (రజి) ఆ ఒక్క మాటతో నేర్పారు.

సైన్యం తిరిగి వస్తోందన్న కబురు రాగానే కఅబ్ (రజి)కి దిగులు పట్టుకుంది. ఏం చెప్పి ఆ ఆగ్రహం నుండి బయటపడాలా అని సాకులు వెతకసాగారు. ఇంట్లోని తెలివైనవాళ్లందరినీ సలహా అడిగారు. తీరా దైవప్రవక్త (స) ఊళ్లోకి వచ్చేశారని తెలియగానే ఆ సాకులన్నీ మనసులోంచి ఎగిరిపోయాయి. అబద్ధం తనను కాపాడలేదని తేలిపోయింది. నిజమే చెప్పాలని నిశ్చయించుకున్నారు.

దైవప్రవక్త (స) ప్రయాణం నుండి వస్తే ముందు మస్జిద్‌కు వెళ్లి రెండు రకాతుల నమాజు చేసి, తర్వాత ప్రజల కోసం కూర్చునేవారు. ఆ రోజూ అలాగే కూర్చున్నారు. వెనకబడిపోయినవాళ్లు ఎనభై మందికి పైగా ఒక్కొక్కరే వచ్చి సాకులు చెప్పారు, ప్రమాణాలు చేశారు. ఆయన వారి పైకి కనిపించే మాటను స్వీకరించారు, వారి మన్నింపు కోసం ప్రార్థించారు, లోపలి సంగతిని అల్లాహ్‌కు వదిలేశారు. వాళ్లు తేలికైన గుండెలతో ఇళ్లకు వెళ్లిపోయారు. తలుపు ఎంత బార్లా తెరిచి ఉందో చూడండి. ఎనభై మంది కళ్లెదుటే దాటి వెళ్లారు.

కఅబ్ (రజి) వంతు వచ్చింది. దైవప్రవక్త (స) చిరునవ్వు నవ్వారు, కానీ అది కోపం నిండిన నవ్వు. ఎందుకు ఆగిపోయావు, వాహనం కొనుక్కున్నావు కదా అని అడిగారు. అప్పుడు కఅబ్ (రజి) చెప్పిన మాటల సారాంశం ఇది: లోకంలో మరెవరి ముందు కూర్చున్నా ఏదో ఒక సాకుతో బయటపడి ఉండేవాణ్ణి, మాటలు నేర్చినవాణ్ణి. కానీ ఇవాళ అబద్ధం చెప్పి మిమ్మల్ని సంతోషపెడితే, అల్లాహ్ త్వరలోనే మీకు నాపై ఆగ్రహం కలిగిస్తాడు. నిజం చెబితే మీరు కోపగించుకుంటారు, కానీ అల్లాహ్ మన్నింపు మీద నాకు ఆశ ఉంది. నాకు ఏ కారణమూ లేదు. నేను ఇంత బలంగా, ఇంత కలిగి ఎన్నడూ లేను.

ఇతను నిజం చెప్పాడని దైవప్రవక్త (స) అన్నారు. లేచి వెళ్లమనీ, అల్లాహ్ నీ విషయంలో తీర్పు చేసేదాకా ఆగమనీ చెప్పారు.

బయటికి రాగానే సొంత తెగవాళ్లు చుట్టుముట్టారు. ఇంతకు ముందు నువ్వు ఏ తప్పూ చేయలేదు కదా, అందరిలా ఒక సాకు చెప్పి ఉంటే ప్రవక్త ప్రార్థనే నీ తప్పుకు సరిపోయేది కదా అని మందలించారు. ఎంతగా పోరారంటే, వెనక్కి వెళ్లి తన మాటను తానే అబద్ధం చేసుకుందామా అనిపించిందట. నిజం చెప్పినవాడికి మొదటి దెబ్బ శత్రువుల నుండి తగలదు. మేలు కోరేవాళ్ల నుండే తగులుతుంది. ఆయన ఒకటే అడిగారు: నాలాగే నిజం చెప్పినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? ఇద్దరున్నారన్నారు. మురారా బిన్ రబీ (రజి), హిలాల్ బిన్ ఉమయ్య (రజి). ఇద్దరూ బద్ర్‌లో పాల్గొన్న సజ్జనులని వాళ్లే చెప్పారు. ఆ పేర్లు వినగానే ఆయన కాళ్లు గట్టిపడ్డాయి. వెనక్కి తిరగలేదు.

ఇరుకైపోయిన భూమి

ఆ ముగ్గురితో ఎవరూ మాట్లాడకూడదని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఊరు ఊరంతా ముఖం తిప్పుకుంది. తాను ఎరిగిన నేల ఇది కాదేమో అన్నంతగా అంతా మారిపోయిందని కఅబ్ (రజి) చెప్పుకున్నారు. భూమి ఎంత విశాలమైనదైనా వారికి ఇరుకైపోయిందనీ, వారి ప్రాణాలే వారికి భారమయ్యాయనీ అల్లాహ్ అత్తౌబా సూరా 118వ వాక్యంలో ఆ స్థితిని వర్ణించాడు.

మిగతా ఇద్దరూ ఇల్లు కదలకుండా ఏడుస్తూ గడిపారు. కఅబ్ (రజి) ముగ్గురిలో చిన్నవారు, దృఢమైనవారు. ఆయన జమాఅత్‌తో నమాజుకు వెళ్లేవారు, బజారులో తిరిగేవారు. పలకరించేవారు లేరు. నమాజు తర్వాత దైవప్రవక్త (స) కూర్చున్న చోటికి వెళ్లి సలాం చేసేవారు. జవాబుగా ఆయన పెదవులు కదిలాయా లేదా అని తనలో తాను తర్కించుకునేవారు. ఆయనకు దగ్గరగా నిలబడి నమాజు చేస్తూ దొంగచూపులు చూసేవారు. తాను నమాజులో మునిగితే దైవప్రవక్త (స) తన వైపు చూసేవారు, తాను చూడగానే ముఖం తిప్పుకునేవారు. ఎంత బాధాకరమైన దృశ్యమో, అంత ఆశ దాగిన దృశ్యం కూడా. ముఖం తిప్పుకున్నది ద్వేషంతో కాదని దాన్నిబట్టే తెలుస్తుంది.

ఒకరోజు తట్టుకోలేక తన పినతండ్రి కొడుకు అబూ ఖతాదా (రజి) తోట గోడ ఎక్కి లోపలికి దిగారు. ఆయనకు అందరిలోకీ ప్రాణప్రదమైన బంధువు. సలాం చేశారు. జవాబు లేదు. నేను అల్లాహ్‌నూ ఆయన ప్రవక్తనూ ప్రేమిస్తానని నీకు తెలియదా అని దైవం సాక్షిగా మూడుసార్లు అడిగారు. చివరికి అబూ ఖతాదా (రజి), అల్లాహ్‌కూ ఆయన ప్రవక్తకే బాగా తెలుసునని మాత్రం అన్నారు. కఅబ్ (రజి) కళ్లు కన్నీళ్లతో నిండిపోయాయి. వెనుదిరిగి గోడ దాటి వచ్చేశారు.

రెండో తలుపు

అలాంటి రోజుల్లో మరో పరీక్ష ఎదురైంది. మదీనా బజారుకు ధాన్యం అమ్మడానికి వచ్చిన సిరియా ప్రాంతపు రైతు ఒకడు కఅబ్ బిన్ మాలిక్ ఎవరని అడుగుతూ తిరుగుతున్నాడు. జనం నోరు విప్పకుండా వేలితో చూపించారు. అతను గస్సాన్ రాజు పంపిన ఉత్తరం అందించాడు. మీ నాయకుడు నీ పట్ల కఠినంగా ప్రవర్తించాడని విన్నాం, నువ్వు అవమానాలు పడవలసినవాడివి కావు, మా దగ్గరికి వచ్చేయి, మేము ఆదరిస్తామని దాని సారాంశం.

ఊరు వెలివేసిన మనిషికి ఒక రాజు స్వాగతం పలుకుతున్నాడు! మామూలు మనిషైతే, నా విలువ వీళ్లకు తెలియకపోయినా కనీసం ఒక్కరికైనా తెలిసిందని పొంగిపోయేవాడు. కఅబ్ (రజి) మాత్రం ఇదీ పరీక్షలో భాగమేనని అనుకున్నారు. ఉత్తరాన్ని తీసుకెళ్లి రొట్టెలు కాల్చే పొయ్యిలో పడేశారు. ఎందుకు దాచుకోలేదు? దాచుకుంటే, బాధ ఎక్కువైన రాత్రి మళ్లీ తీసి చదవాలనిపిస్తుంది. పాపానికి దారితీసే దాన్ని చేతికి అందేచోట ఉంచుకుని సహనం గురించి మాట్లాడకూడదని ఆ పొయ్యి మనకు నేర్పుతోంది. నేటి కాలంలో అలాంటి ఉత్తరాలు మన జేబులోని ఫోన్‌లోకే వస్తాయి.

నలభై రోజులు గడిచాక, భార్యలకు దూరంగా ఉండమని ముగ్గురికీ ఆదేశం వచ్చింది. విడాకులివ్వాలా అని కఅబ్ (రజి) అడిగారు. వద్దు, దూరంగా ఉంటే చాలన్నారు. ఆయన తన భార్యను పుట్టింటికి పంపారు. హిలాల్ (రజి) ముసలివారు, సేవ చేసే మనిషి లేడు. ఆయన భార్య దైవప్రవక్త (స) దగ్గరికి వెళ్లి, సేవ చేయడానికి అనుమతి అడిగింది. సాన్నిహిత్యం లేకుండా సేవ చేయవచ్చని ఆయన అనుమతించారు. శిక్షలోనూ ముసలితనాన్ని గమనించిన కారుణ్యం ఇది. నువ్వూ అలా అనుమతి అడగరాదా అని ఇంటివాళ్లు కఅబ్ (రజి)కి సలహా ఇచ్చారు. నేను వయసులో ఉన్నవాణ్ణి, ఏ ముఖంతో అడగను అని ఆయన ఊరుకున్నారు.

కొండ మీది కేక

యాభయ్యో రాత్రి చివరి జామున దైవప్రవక్త (స) హజ్రత్ ఉమ్మె సల్మా (రజి) ఇంట ఉండగా, ఆ ముగ్గురి తౌబా స్వీకరించబడిందని దైవవాణి అవతరించింది. కఅబ్‌కు ఇప్పుడే కబురు పంపనా అని ఆమె ఆత్రంగా అడిగారు. జనం విరుచుకుపడతారు, మిగిలిన రాత్రి ఎవరినీ నిద్రపోనివ్వరని ఆయన వారించారు. ఫజ్ర్ నమాజు అయ్యాక ప్రకటించారు.

కఅబ్ (రజి) తన ఇంటి మిద్దె మీద ఫజ్ర్ నమాజు చేసుకుని కూర్చుని ఉన్నారు. అప్పుడు సల్అ కొండ మీది నుండి ఒక కేక వినిపించింది, కఅబ్ బిన్ మాలిక్, సంతోషించమని. ఆయన వెంటనే సజ్దాలో పడిపోయారు. ఒకతను గుర్రం మీద వస్తున్నాడు, ఇంకొకతను పరుగెత్తి కొండెక్కి కేక వేశాడు. గుర్రం కంటే గొంతే ముందు చేరింది. ఆ గొంతు మనిషి దగ్గరికి వచ్చాక, కఅబ్ (రజి) తన ఒంటి మీది రెండు వస్త్రాలూ తీసి బహుమతిగా ఇచ్చేశారు. ఆ రోజున ఆయనకు అవి తప్ప వేరే బట్టలు లేవు. ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకుని కట్టుకున్నారు.

యాభై రోజులుగా ముఖం తిప్పుకున్న ఊరే గుంపులు గుంపులుగా ఎదురొచ్చి అభినందించింది. మస్జిద్‌లో అడుగుపెట్టగానే హజ్రత్ తల్హా బిన్ ఉబైదుల్లాహ్ (రజి) లేచి పరుగున వచ్చి కరచాలనం చేశారు. ముహాజిర్లలో ఇంకెవరూ అలా లేచి రాలేదనీ, తల్హా చేసిన ఆ పనిని తాను ఎన్నడూ మరవలేదనీ కఅబ్ (రజి) చెప్పేవారు. కష్టం నుండి బయటపడిన మనిషికి నాలుగు అడుగులు ఎదురు వెళ్లడం చిన్న పనే. కానీ ఆ మనిషి దాన్ని జీవితాంతం దాచుకుంటాడు.

దైవప్రవక్త (స) ముఖం సంతోషంతో వెలిగిపోతోంది. నీ తల్లి నిన్ను కన్నప్పటి నుండి నీకు ఇంతకంటే మంచిరోజు రాలేదన్నారు. ఆ ఆనందంలో కఅబ్ (రజి) తన ఆస్తినంతా దానం చేస్తానన్నారు. కొంత ఉంచుకో, అది నీకు మేలని దైవప్రవక్త (స) చెప్పారు. ఖైబర్‌లోని తన వాటా ఉంచుకున్నారు. నిజమే తనను కాపాడింది కాబట్టి, బతికినంతకాలం నిజం తప్ప పలకనని మాట ఇచ్చారు.

కష్టం ఏం చేసింది?

ఇప్పుడు రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. ఒకవైపు ఎనభై పైచిలుకు మంది. వాళ్లకు ఒక్కరోజు కూడా కష్టం లేదు. ఎవరూ వెలివేయలేదు, ఎవరూ సలాం మానలేదు. వాళ్ల నివాసం నరకమని, వాళ్ల మీద అల్లాహ్ సంతోషించడని అత్తౌబా సూరా 95, 96 వాక్యాల్లో ఉంది. మరోవైపు ముగ్గురు. యాభై రోజుల నరకయాతన. తర్వాత ప్రళయం దాకా పారాయణం చేయబడే ఖుర్ఆన్‌లో వారి తౌబా ప్రస్తావన. దాని పక్క వాక్యంలోనే, భయభక్తులు కలిగి సత్యవంతులతో కలిసి ఉండమని విశ్వాసులందరికీ ఆదేశం. ఇస్లాం తర్వాత అల్లాహ్ తనకు చేసిన అతి పెద్ద మేలు ఆ రోజు నిజం చెప్పగలగడమేనని కఅబ్ (రజి) చెప్పేవారు. ఆయన క్షమాపణను మేలు అనలేదు, అభినందనలను మేలు అనలేదు. కష్టంలోకి నడిపించిన ఆ మాటనే మేలు అన్నారు.

ఆ యాభై రోజులు ఆయన నుండి కొన్నింటిని తీసేశాయి, కొన్నింటిని ఇచ్చాయి. తలచుకుంటే ఎంతసేపు అన్న ధీమా పోయింది. మాటలు నేర్చిన నాలుక నిజానికి కట్టుబడింది. తోడు లేకుండా నమాజులో నిలబడే బలం వచ్చింది. ఒక రాజు పిలిచినా కదలని విశ్వాసం తనలో ఉందని తనకే తెలిసింది. సుఖంగా ఉన్న రోజుల్లో ఇవేవీ ఆయనకు తెలిసే అవకాశం లేదు.

మనకు పాఠాలు

మొదటిది. కష్టం వచ్చిన రోజుల్లో చేసే పనులు మానకూడదు. కఅబ్ (రజి) మస్జిద్‌కు వెళ్లడం మానలేదు, సలాం చేయడం మానలేదు. మనలో చాలామంది నలుగురిలో తలెత్తుకోలేని పరిస్థితి వస్తే ముందుగా జుమా నమాజుకు వెళ్లడం మానేస్తారు. బలం దొరికే చోటునే వదిలేస్తారు.

రెండవది. పిల్లలకు నిజం చెప్పే దారిని మూసేయకూడదు. ఇంటర్‌లో సబ్జెక్టు తప్పిన పిల్లవాడు మార్కుల కాగితం దాచాడంటే, నిజం చెబితే ఏమవుతుందో అతనికి మన ఇంట్లో ముందే తెలుసన్నమాట. దైవప్రవక్త (స) కోపంలో ఉండి కూడా ముందుగా అన్నది, ఇతను నిజం చెప్పాడనే. మన బిడ్డ వచ్చి తప్పు ఒప్పుకున్నప్పుడు మన నోటి నుండి మొదట రావలసిన మాట అదే. దిద్దుబాటు ఆ తర్వాత.

మూడవది. వ్యాపారంలో, అప్పులో నిజం. దైవప్రవక్త (స) అప్పు బారి నుండి అల్లాహ్ శరణు వేడేవారు. ఎందుకని అడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడు, వాగ్దానం చేస్తే తప్పుతాడని చెప్పారు. నెలాఖరుకు ఇస్తానని ప్రతినెలా చెప్పే బదులు, ఒక్కసారి అప్పిచ్చిన అన్న ఎదుట కూర్చుని, భాయ్, ఇప్పుడు నా దగ్గర లేదు, ఇంతింత చొప్పున తీరుస్తానని చెప్పడం కష్టమే. ఆ రోజు తల దించుకోవాల్సి వస్తుంది. కానీ ఆ రోజు నుండే మనిషి నిలబడటం మొదలవుతుంది. గల్ఫ్‌లో పని పోయిన కొడుకు ఇంట్లో చెప్పకుండా అప్పు చేసి డబ్బు పంపడం కూడా ఇలాంటిదే. ప్రేమతోనే చేస్తాడు, కానీ ఆ ప్రేమ రెండిళ్లనూ ముంచుతుంది. అమ్మీకి, అబ్బాకు నిజం చెబితే ఒక రాత్రి ఏడుస్తారు. తెల్లవారాక అందరూ కలిసి మోస్తారు.

కొన్ని అపార్థాలు తొలగించుకుందాం

ఈ గాథ చదివి, కష్టాన్ని వెతుక్కుంటూ వెళ్లడమే పుణ్యమని ఎవరూ అనుకోకూడదు. ఎండలో నిలబడతానని, నీడకు వెళ్లనని, మాట్లాడనని, ఉపవాసం ఉంటానని మొక్కుకున్న ఒకతన్ని దైవప్రవక్త (స) చూశారు. మాట్లాడమని, నీడకు వెళ్లమని, కూర్చోమని ఆదేశించారు, ఉపవాసం మాత్రం పూర్తి చేయమన్నారు. ఇద్దరు కొడుకుల భుజాల మీద ఈడ్చుకుంటూ కాలినడకన మొక్కు తీర్చుకుంటున్న ముసలాయన్ను చూసి, ఇతను తన్ను తాను హింసించుకోవడం అల్లాహ్‌కు అక్కరలేదని వాహనం ఎక్కమన్నారు. శత్రువును ఎదుర్కోవాలని కోరుకోవద్దని, అల్లాహ్‌ను క్షేమం అడగమని, ఎదురుపడితే మాత్రం స్థిరంగా నిలబడమని బోధించారు. కాబట్టి జబ్బు వస్తే వైద్యం చేయించుకోవాలి, కష్టం తీరే ధర్మబద్ధమైన దారి ఉంటే పట్టుకోవాలి. అబద్ధంతోనే తీరే కష్టమైతే మాత్రం భరించాలి.

రెండో అపార్థం, సహనమంటే అన్యాయాన్ని మౌనంగా భరించడం అనుకోవడం. భర్త చేతిలో దెబ్బలు తింటున్న ఆడపిల్లకు, జీతం ఎగ్గొట్టబడిన పనివాడికి సబ్ర్ చేయమని చెప్పి పంపేయడం సబ్ర్ పేరుతో చేసే అన్యాయం. అన్యాయం చేసేవాడి చెయ్యి పట్టుకుని ఆపడమే అతనికి చేసే సహాయమని దైవప్రవక్త (స) బోధించారు. పీడితునికి అండగా నిలవడం మన బాధ్యత.

మూడోది చాలా ఇళ్లలో ఉన్నదే. ఆస్తి పంపకం దగ్గరో, పెళ్లిలో జరిగిన మర్యాద దగ్గరో మాటపడి అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాట్లాడుకోరు. దానికి ఈ గాథను సాక్ష్యంగా తెచ్చుకునేవారూ ఉన్నారు. ఆ యాభై రోజులు దైవప్రవక్త (స) ఆదేశం ప్రకారం, ధర్మం కోసం జరిగినవి. అల్లాహ్ తీర్పు రాగానే ముగిసిపోయాయి. మన సొంత పట్టింపుల కోసం తోటి ముస్లింతో మూడు రోజులకు మించి మాట మానడం ధర్మసమ్మతం కాదని, ఇద్దరిలో ముందుగా సలాం చేసినవాడే ఉత్తముడని హదీసు చెబుతోంది. కాబట్టి ఈ పాఠం చదివాక చేయదగ్గ మొదటి పని, మనతో మాట్లాడని ఆ ఇంటి తలుపు తట్టి సలాం చెప్పడం. అదీ కష్టమే. అందుకే అందులో మేలుంది.

కష్టంతో పాటే సౌలభ్యం ఉందని అల్లాహ్ అల్ ఇన్షిరాహ్ సూరాలో ఒకసారి చెప్పి ఊరుకోలేదు, వెంటనే మళ్లీ చెప్పాడు. కఅబ్ (రజి)కి ఆ సౌలభ్యం యాభయ్యో ఉదయాన వచ్చింది. నలభై తొమ్మిదో రోజున ఆయనకు ఆ సంగతి తెలియదు. రేపు ఏమవుతుందో తెలియకుండానే ఆయన ఆ రోజూ నమాజు చేశారు, ఆ రోజూ నిజం మీదే నిలబడ్డారు. మనలో ఎంతోమంది బహుశా ఇప్పుడు తమ నలభై తొమ్మిదో రోజులో ఉండవచ్చు.

ఓ అల్లాహ్! మాకు క్షేమాన్ని ప్రసాదించు. మేము మోయలేని భారం మాపై మోపకు. తప్పు చేసినప్పుడు ఒప్పుకునే ధైర్యాన్ని, ఒప్పుకున్నందుకు కష్టం వస్తే నిలబడే స్థైర్యాన్ని, నిలబడినవారికి తోడుండే మనసును మాకు, మా పిల్లలకు అనుగ్రహించు. మమ్మల్ని సత్యవంతులతో కలుపు. ఆమీన్.